ఒక గీత జరిపితే మిగతా గీతలు ఎందుకు కదలవు?

కావలి దర్జీ
ఆగస్టు 18, రాత్రి 11:20

నమస్కారం. కావలిలో 22 ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. ఇల్లు కట్టించడం ఇదే మొదటిసారి, దేవుడి దయ ఉంటే చివరిసారి కూడా. మా ఆయన ఉద్యోగం గిద్దలూరులో. నెలకు రెండుసార్లు వస్తారు, పిల్లర్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తల పంకించి వెళతారు. ఇసుక లోడు దింపించుకోవడం, శనివారం కూలి లెక్కలు, చినుకు పడితే సిమెంటు బస్తాల మీద పట్టా కప్పడం అన్నీ నావే.

స్థలం 18 అంకణాలు. మా నెల్లూరు లెక్క తెలియనివారి కోసం: అంకణం అంటే 72 చదరపు అడుగులు, మొత్తం 144 గజాలు. కింద మేము, పైన అద్దెకు. గృహప్రవేశానికి ఫిబ్రవరి 21న ముహూర్తం పెట్టారు. శుభలేఖలు ఇంకా అచ్చు వేయించలేదు గానీ మా ఆడపడుచు అప్పుడే బంధువులందరికీ చెప్పేసింది. కాబట్టి ఆ తేదీ ఇక మారదు.

బెంగళూరులో చదువుకుంటున్న మా అబ్బాయి, "నోటు పుస్తకంలో రాసుకుంటే ఏ పని ఎప్పుడో నీకు కనబడదు, గాంట్ చార్టు వేసి ఇస్తాను" అని ఎక్సెల్‌లో ఒక పట్టిక చేసి పంపాడు. ఎడమ పక్కన పనుల పేర్లు, పైన తేదీలు, మధ్యలో రంగు గీతలు, మొత్తం 23 వరుసలు. చూడగానే నచ్చింది. పండుగ రోజుల్లో నా దుకాణం గోడ మీద నేను సుద్దతో గీసుకునేది ఇంచుమించు అదే. ఎవరి జాకెట్టు ఎప్పుడు కత్తిరించాలి, ఎప్పుడు మగ్గం పనికి పంపాలి, ఎప్పుడు తిరిగి రావాలి అని.

కింది స్లాబు ఆగస్టు 5న వేయాలి. కడ్డీలు కట్టేవాళ్లు సగంలో వేరే పనికి వెళ్లి ఆరు రోజుల తర్వాత వచ్చారు. ఆ తర్వాత కంకర లారీ రాలేదు. ఒక సాయంత్రం వాన. చివరకు ఆగస్టు 16న వేశాం, 11 రోజులు ఆలస్యం. చార్టులో ఆ గీతను 16కు జరిపాను. మిగతా 22 గీతలు రాయిలాగా ఉన్నచోటే ఉన్నాయి! స్లాబు 16న పడితే, దాని మీద పై అంతస్తు పిల్లర్లు 9వ తేదీనే లేచినట్టు చూపిస్తోంది. ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ఒక్కో వరుసను చేత్తో 11 రోజులు జరిపాను. పొద్దున చూస్తే టైల్స్ వరుసను రెండుసార్లు జరిపి ఉన్నాను. అబ్బాయికి పరీక్షలు, వాణ్ణి కదపలేను.

ఇప్పుడు నా చార్టు ఇలా ఉంది. పై పిల్లర్లు ఆగస్టు 20 నుంచి 27 వరకు. పై స్లాబుకు సెంట్రింగ్ (స్లాబు గట్టిపడేదాకా కింద నిలబెట్టే కర్రలు, పలకలు), కడ్డీలు ఆగస్టు 28 నుంచి సెప్టెంబరు 11 వరకు, 12న స్లాబు. కింది సెంట్రింగ్ 21 రోజుల తర్వాత విప్పుతామన్నారు, కాబట్టి కింది గోడలు సెప్టెంబరు 7 నుంచి 20 వరకు. కరెంటు పైపులకు గోడలు చెక్కడం మూడు రోజులు. కింద లోపలి ప్లాస్టరింగ్ సెప్టెంబరు 24 నుంచి అక్టోబరు 8 వరకు. పై గోడలు అక్టోబరు 4 నుంచి 18 వరకు, పైన లోపలి ప్లాస్టరింగ్ నవంబరు 6కు పూర్తి. బయటి ప్లాస్టరింగ్ నవంబరు 8 నుంచి 21 వరకు, టైల్స్ డిసెంబరు 8 వరకు, తలుపులు కిటికీలు జనవరి 5 నుంచి 12 వరకు, రంగులు జనవరి 13 నుంచి నెలాఖరు వరకు.

ఒక గీతను కదిపితే దాని తర్వాతివి వాటంతట అవే కదలాలంటే ఏం చేయాలి? ఇంకో మాట. టైల్స్ దుకాణంవారు "ఈ రకం అయిపోతుంది, ఇప్పుడే సగం డబ్బు కట్టండి" అంటున్నారు. టైల్స్ ఆలస్యమైతే ముహూర్తం తప్పుతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

—

ఒంగోలు సైటు ఇంజనీరు
ఆగస్టు 19, ఉదయం 6:15

అమ్మా, మీ అబ్బాయి తప్పు చేయలేదు, సగం చేసి ఆపాడు. ఎక్సెల్‌కు గాంట్ చార్టు అనేది తెలియదు. దానికి తెలిసింది రెండు ముక్కలు అతికించిన పట్టీ. మొదటి ముక్క పని మొదలయ్యే తేదీ వరకు ఉంటుంది, దానికి రంగు తీసేస్తాం కాబట్టి కంటికి కనబడదు. రెండో ముక్క పని పట్టే రోజులు, మీరు చూస్తున్న రంగు గీత అదే. మొదలు తేదీలన్నీ చేత్తో కొట్టిన అంకెలైతే ఒక వరుసకు మరో వరుసతో చుట్టరికం ఉండదు. ఒకటి జరిగితే రెండోదానికి ఎలా తెలుస్తుంది?

కాబట్టి మొదలు గడిలో తేదీ కొట్టకండి. సమానం గుర్తు పెట్టి, ఏ పని అయ్యాక ఇది మొదలవుతుందో ఆ పని ముగింపు గడిని చూపించి, మధ్యలో ఆగవలసిన రోజులు కలపండి. పై పిల్లర్ల మొదలు అంటే కింది స్లాబు వేసిన గడి ప్లస్ 4. అంతే, 16కు 4 కలిపితే 20 అదే వస్తుంది. ముగింపు గడి కూడా ఫార్ములానే. 23 వరుసలకు ఒక గంట పని. ఆ తర్వాత నిజంగా చేత్తో కొట్టే తేదీలు మూడో నాలుగో మిగులుతాయి.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది. మనుషులు చేసే పనికి ఆదివారం సెలవు, సిమెంటు గట్టిపడడానికి ఆదివారం లేదు. ప్లాస్టరింగ్‌కు 14 రోజులు పని అంటే ఆదివారాలు, పండుగలు వదిలి లెక్కపెట్టాలి. సెంట్రింగ్ విప్పడానికి 21 రోజులు అంటే నేరుగా 21 కలపాలి. మనుషుల పనికి వర్క్‌డే అనే ఫార్ములా ఉంది, అది శని, ఆదివారాలు రెండింటినీ సెలవుగా తీసుకుంటుంది. మన సైట్లకు అది పనికిరాదు. దానికే చివర చుక్క పెట్టి ఇంట్‌ల్ (INTL) అని చేర్చిన మరో రూపం ఉంటుంది, అందులో వారపు సెలవు దగ్గర 11 అని ఇస్తే ఆదివారం ఒక్కటే వదులుతుంది. పండుగల తేదీలు పక్కన ఒక నిలువు వరుసలో రాసి దాన్ని కూడా చూపించండి.

21 రోజుల గురించి: కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ఐ.ఎస్. 456 నియమావళి ప్రకారం, మోసే బీముకూ బీముకూ మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబుకు కింద ఆధారాలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. ఆరు మీటర్ల లోపు బీములకు 14, దాటితే 21. అయితే ఆ అంకెలు సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు. ఇప్పుడు మనకు ఎక్కువగా వచ్చేది బూడిద కలిసిన రకం, అది బలం పుంజుకోవడానికి ఇంకొంచెం సమయం తీసుకుంటుంది. మీ మేస్త్రీ 21 అన్నాడంటే సరైన మాటే అన్నాడు, తగ్గించమని అడగకండి. పై స్లాబు వేసే రోజున కింద కొన్ని సరుగుడు కర్రలు అలాగే ఉంచాలా అని మీ ఇంజనీరును తప్పక అడగండి. పై సెంట్రింగ్ బరువంతా కింది స్లాబు మీదే పడుతుంది.

ఇంత రాసి మళ్లీ మీ జాబితా చదివాను, గుండె జారింది. "తలుపులు కిటికీలు జనవరి" అన్నారు. రెక్కలు జనవరిలో సరే. ద్వారబంధాలు? గోడ కట్టేటప్పుడే నిలబెట్టాలి కదా. కింది గోడలు సెప్టెంబరు 7న మొదలు. వడ్రంగి 20 రోజులు అడుగుతాడనుకుంటే మీరు కలప చూపించవలసింది ఇవాళ. టైల్స్ సంగతి పక్కన పెట్టి ముందు వడ్రంగి దగ్గరికి వెళ్లండి.

—

పాత మేస్త్రీ, కందుకూరు
ఆగస్టు 19, మధ్యాహ్నం 1:50

ముప్పై ఏళ్లు తాపీ పట్టాను. ఇప్పుడు మోకాళ్లు పోయి ఇంట్లో కూర్చుని ఇలాంటివి చదువుతున్నాను. చార్టు మీద నాకు కోపం లేదమ్మా. గోడకు అంటించుకోండి. కానీ దాన్ని గీసినవాడు బెంగళూరులో కూర్చుని గీశాడు, మన వానను అడగలేదు.

నవంబరు 8 నుంచి 21 వరకు బయటి ప్లాస్టరింగ్ అని రాశారు. కావలిలో! మనకు నైరుతి వాన పేరుకే, ఏడాది వానలో సగానికి పైగా కురిసేది ఈశాన్యంలో, అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద లారీలు నిలిచిపోయాయి. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. ఆ నెలల్లో బయటి గోడకు మాలు కొడితే పొద్దున కొట్టింది సాయంత్రానికి కాలవలో ఉంటుంది. నేను ఒకసారి కొట్టాను, సొంత డబ్బుతో మళ్లీ కొట్టాను, అందుకే చెబుతున్నాను. బయటి పని డిసెంబరు 15కు ముందు పెట్టవద్దు.

రంగులు జనవరి 13న మొదలట. భోగి ముంగిట రంగులవాడు మీ ఇంటికి వస్తాడా, వాళ్ల ఇంటికి వెళతాడా? సంక్రాంతికి వెళ్లిన మనిషి పది రోజులకు గాని తిరిగి రాడు.

మూడోది. అక్టోబరు 4 నుంచి 8 వరకు కింద ప్లాస్టరింగ్, పైన గోడలు రెండూ నడుస్తున్నట్టు గీత ఉంది. ఆ రెండూ చేసేది ఒకే తాపీవాళ్లు. గీతలు రెండు వేయవచ్చు, మనిషిని రెండు చేయలేరు. ఆ ఐదు రోజులు పై గోడలకే ఇవ్వండి. పైన గోడలు లేచి ఇల్లు మూసుకుంటే వాన కురుస్తున్నా లోపల ప్లాస్టరింగ్ చేసుకోవచ్చు.

మేస్త్రీని "ఎన్ని రోజులు పడుతుంది" అని అడిగితే పది రోజులే అంటాడు. నేనూ అందరికీ అదే అన్నాను, మరి పని పోగొట్టుకుంటామా? "ఎంతమంది వస్తారు, ఆ వారంలో ఇంకెక్కడ ఒప్పుకున్నావు" అని అడగండి. అప్పుడు తల గోక్కుంటాడు. ఆ గోక్కున్న తర్వాత చెప్పే అంకె చార్టులో వేసుకోండి.

—

కావలి దర్జీ
ఆగస్టు 20, రాత్రి 10:05

ఇంజనీరు గారూ, మీ మాట చదివి దుకాణం మధ్యాహ్నమే మూసి వడ్రంగి దగ్గరికి వెళ్లాను. మొత్తం బంధాలకు 25 రోజులు అన్నారు. నేనూ పనిమంతురాలినే కదా, ఆ మాట నాకు తెలుసు. "మొత్తం వద్దు, ముందు సింహద్వారం, కింది గదులవి మూడు ఇవ్వండి, మిగతావి తర్వాత" అన్నాను. పెళ్లివారి పట్టుచీర జాకెట్టు ముందు, పిన్నిగారివి తర్వాత అన్నట్టు. సెప్టెంబరు 3కు ఆ నాలుగూ ఇస్తామన్నారు. ఇది మా అత్తగారికి చెబితే ఇంకొక గీత బయటపడింది. శ్రావణం దాటితే భాద్రపదంలో ద్వారం ఎత్తకూడదట. అంటే సెప్టెంబరు రెండో వారం లోపల సింహద్వారం నిలబడాలి. ఇది ఏ చార్టులోనూ లేదు, ఆవిడ మనసులో ఉంది.

పెద్దాయనా, మీ మూడో మాట చదివి నవ్వుకున్నాను. నా దుకాణంలో కాజాలు కుట్టే అమ్మాయి ఒక్కతే. నలుగురం జాకెట్లు ఎంత తొందరగా కుట్టినా అన్నీ ఆ అమ్మాయి ముందు కుప్పపడతాయి. సంక్రాంతికి ముందు నేను లెక్కవేసేది ఎన్ని జాకెట్లు కుట్టగలం అని కాదు, ఆ అమ్మాయి రోజుకు ఎన్ని తీయగలదు అని. తాపీవాళ్లే నా కాజాల పిల్ల అని నాకు తట్టకపోవడం విచిత్రం.

ఫార్ములాలు పెట్టాను. స్లాబు తేదీని ఊరికే ఒక రోజు జరిపి చూశాను, మొత్తం కుచ్చిళ్లలాగా ఒకదాని వెంట ఒకటి కదిలాయి. అర్ధరాత్రి పూట నేను నవ్వితే అత్తగారు లేచి వచ్చారు.

ఇప్పుడు సందేహం. అబ్బాయి ఫోనులో "క్రిటికల్ పాత్ చూసుకో, ఎర్రగా ఉన్న గీతలు ఆలస్యం కాకూడదు" అన్నాడు. నా చార్టులో అన్నీ నీలంగానే ఉన్నాయి. ఏది ఎర్రగా ఉండాలో ఎలా తెలుస్తుంది?

—

ప్లానింగ్ ఉద్యోగి, నెల్లూరు
ఆగస్టు 21, ఉదయం 7:30

అక్కా, నేను కృష్ణపట్నం వైపు పెద్ద సైట్లలో పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అక్కడ వేల వరుసలుంటాయి, మీకు పాతిక. లెక్క మాత్రం ఒక్కటే, కాగితం మీద వేయవచ్చు. ముహూర్తం నుంచి వెనక్కి నడవాలి.

మీ ఇంట్లో ఇక రెండు దారులు ముహూర్తం వైపు వెళుతున్నాయి. మొదటిది లోపలి దారి. పెద్దాయన చెప్పినట్టు పై గోడలు అక్టోబరు 18కి అయ్యాక, కింద ఆగిన ప్లాస్టరింగ్ 24కు, పైది నవంబరు 8కి ముగుస్తుంది. వారం నీళ్లు పట్టాక టైల్స్ నవంబరు 16 నుంచి డిసెంబరు 2 వరకు. పై ప్లాస్టరింగ్ బాగా ఆరడానికి 28 రోజులు వదిలితే డిసెంబరు 6. తర్వాత పుట్టీ, రంగు, తలుపు రెక్కలు, అన్నీ డిసెంబరు 30కి అయిపోతాయి. అక్కడి నుంచి ఫిబ్రవరి 20 వరకు 52 రోజులు. సంక్రాంతికి పది, చిన్నాచితకాకు రెండు తీసేసినా 40 మిగులుతాయి. ఈ మిగులునే మేము ఫ్లోట్ అంటాం. అంటే టైల్స్ నలభై రోజులు ఆలస్యమైనా ముహూర్తానికి ఏమీ కాదు. ఆ దుకాణంవారికి సగం డబ్బు ఇప్పుడే కట్టవలసిన అవసరం లేదు, ఆ డబ్బు వడ్రంగికి ఇవ్వండి.

రెండోది బయటి దారి. ప్లాస్టరింగ్ డిసెంబరు 15 నుంచి 28 వరకు. గోడ ఆరడానికి 28 రోజులు, జనవరి 25. బయటి రంగు 10 రోజులు, ఫిబ్రవరి 4. మిగులు 16 రోజులే. మిగులు అన్నిటికంటే తక్కువ ఉన్న దారే క్రిటికల్ పాత్, మీ అబ్బాయి చెప్పిన ఎర్ర గీతలు అవే. చిన్న సంతోషం ఏమిటంటే సంక్రాంతి ఈ దారిలో గోడ ఆరే రోజుల్లో పడింది. మనుషులు ఊళ్లో లేకపోయినా గోడ ఆరుతూనే ఉంటుంది, కాబట్టి ఇక్కడ పండుగకు విడిగా ఏమీ తీసేయనక్కరలేదు.

ఇప్పుడు ఒక వింత గమనించండి. పై గోడలు అక్టోబరు 7కి అయినా, 18కి అయినా బయటి పని డిసెంబరు 15నే మొదలవుతుంది, ఎందుకంటే ఆపుతున్నది వాన. లోపలి దారిలో ఎలాగూ 40 రోజులు ఉన్నాయి. మీరు రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని బాధపడిన ఆ 11 రోజులు ముహూర్తాన్ని తాకనే లేదు. అలాగని సెప్టెంబరులో పని జారవిడవకండి, వానలో గోడ కట్టడం నత్తనడకే.

ఎక్సెల్‌లో దీన్ని పట్టుకోవాలంటే బయటి ప్లాస్టరింగ్ మొదలు గడిలో మ్యాక్స్ ఫార్ములా పెట్టండి. పై గోడల ముగింపు మరుసటి రోజు ఒకటి, డిసెంబరు 15 ఇంకొకటి, ఏది తర్వాత వస్తే అది తీసుకుంటుంది. ఈ దారిని తనంతట తానే వెతికి చూపించే సాధనం కావాలంటే గాంట్ ప్రాజెక్ట్ అని ఉచితంగా దొరుకుతుంది. ఒక గీత మీద నుంచి మరో గీత మీదకు మౌస్‌తో లాగితే బాణం పడుతుంది, క్రిటికల్ పాత్ మీట నొక్కితే ఆ దారిని వేరుగా చూపిస్తుంది. అందులో బేస్‌లైన్ అనే సదుపాయం ఉంది, వాడండి. మొదట అనుకున్న తేదీలను చెరపకుండా దాచి, ఇప్పటి గీత పక్కనే చూపిస్తుంది. మీరు 11 రోజులు జరిపి పాతవి చెరిపేశారు కదా, రేపు కడ్డీలవాళ్లతో డబ్బు దగ్గర మాట వస్తే చూపించడానికి మీ దగ్గర ఏమీ లేదు.

మీ తొలి ప్రశ్నకు ఒక పాత కథ కూడా ఉంది. హెన్రీ గాంట్ (1861–1919) అమెరికా ఇంజనీరు. 1910 తర్వాతి ఏళ్లలో ఆయన పటాలు ప్రసిద్ధికెక్కాయి. ఏ మనిషి, ఏ యంత్రం అనుకున్నదాంట్లో ఎంత చేసింది అని చూపడం వాటి పని, నేటి బాణాలు వాటిలో లేవు. కరోల్ అదమియెత్స్కీ అనే పోలిష్ ఇంజనీరు 1896లోనే ఇలాంటిది గీశాడు గానీ పోలిష్, రష్యన్ భాషల్లో రాయడం వల్ల బయటివారికి ఆలస్యంగా తెలిసింది. ఏ పని ఏ పనిని ఆపుతుంది అని లెక్కకట్టే క్రిటికల్ పాత్ పద్ధతి 1957 ప్రాంతంలో డ్యూపాంట్ కంపెనీలో పుట్టింది. మీ అబ్బాయి మీకు గాంట్ గారి కాలం నాటి చార్టు పంపాడు, అంతే తేడా.

చివరగా రెండు మాటలు. డిసెంబరు 15న కావలిలో బయటి ప్లాస్టరింగ్ కావలసింది మీ ఒక్కరికే కాదు. వాన ఆగేదాకా ఆపుకున్న ప్రతి ఇంటివాళ్లూ అదే వారం తాపీవాళ్లను పిలుస్తారు. మీ ఎర్ర గీతకు అసలు ప్రమాదం అక్కడ ఉంది. ఇప్పుడే మాట తీసుకోండి. రెండోది, ఈ చార్టులో మీరెక్కడ ఉన్నారు? రంగులు, కుళాయిలు, దీపాలు ఎంచేది మీరే. సంక్రాంతి ముందు, మాఘం పెళ్లిళ్లప్పుడు దుకాణంలో తల ఎత్తడానికి మీకు సమయం ఉంటుందా?

—

పాత మేస్త్రీ, కందుకూరు
ఆగస్టు 21, ఉదయం 9:10

తాపీవాళ్ల సంగతి ఈ అబ్బాయి సరిగ్గా చెప్పాడు. నోటి మాట నమ్మవద్దమ్మా. డిసెంబరు 15కి అని చెప్పి కొంత అడ్వాన్సు ఇచ్చి పెట్టండి. డబ్బు చేతిలో పడిన తేదీ మాకు గుర్తుంటుంది.

—

కావలి దర్జీ
సెప్టెంబరు 16, రాత్రి 9:40

ఇన్నాళ్లు రాయలేకపోయాను. సింహద్వారం సెప్టెంబరు 9న ఎత్తాం, శ్రావణంలోనే. అత్తగారు ప్రశాంతంగా ఉన్నారు. మిగతా మూడు బంధాలు గోడలు మొదలైన రెండు రోజులకు గాని రాలేదు, ఆ రెండు రోజులూ వెనక వైపు గోడలు కట్టించాను. పై స్లాబు వేసేదాకా కింద కొన్ని కర్రలు ఉంచాలని మా ఇంజనీరు గారు కూడా అన్నారు, వాటి మధ్యలోనే గోడలు లేచాయి.

చార్టులో "నేను" అని ఒక వరుస పెట్టాను. డిసెంబరు 20 నుంచి సంక్రాంతి దాకా, మళ్లీ మాఘం పెళ్లిళ్లకు అది పూర్తిగా నిండిపోయింది. అందుకని రంగులు, గ్రానైటు, కుళాయిలు ఎంచడం నవంబరుకు తెచ్చాను. ఎలాగూ వానలో దుకాణానికి వచ్చేవాళ్లు తక్కువ. వంటగది గట్టుకు చీమకుర్తి నల్లరాయి చూడడానికి ఒక ఆదివారం వెళ్లాలి. గోడల రంగులకు దారపు రీళ్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను, దుకాణాల వాళ్లిచ్చే చిన్న అట్టముక్కల కంటే అవే నయం.

మేస్త్రీకి చార్టు చూపించి డిసెంబరు 15కి మీ దగ్గర ఎవరెవరు ఉంటారు అని అడిగాను. పెద్దాయన చెప్పినట్టే తల గోక్కున్నాడు. ఇద్దరు తాపీవాళ్లు ఆ వారం అల్లూరులో ఒప్పుకున్నారట. అడ్వాన్సు ఇచ్చాను, సిమెంటు బిల్లు వెనక తేదీ రాసి సంతకం పెట్టాడు.

పండుగల జాబితాలో వినాయక చవితి రాయడం మరిచిపోయాను. పై స్లాబు 12న కావలసింది నిన్న, 15న పడింది. ఒక్క గడి మార్చాను. సెంట్రింగ్ విప్పడం అక్టోబరు 6కు వెళ్లింది, పై గోడలు దాని వెంట జరిగాయి, ప్లాస్టరింగ్, టైల్స్ వరుసగా కదిలాయి. బయటి ప్లాస్టరింగ్ గీత మాత్రం డిసెంబరు 15 దగ్గర అలాగే ఉంది.